మూడో అంతస్తు తాళం

జూలై 9, మంగళవారం

రసాయనశాస్త్ర విభాగాధిపతి గారి సముఖానికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమంగా లేము. తమరు క్షేమమని తలుస్తాను. ఉండకేం? తమరి గదికి తలుపుంది, తలుపుకి తాళముంది, తాళంచెవి తమరి సొరుగులోనే ఉంది.

ఇక చాలు. ఇంతకుమించిన మర్యాద నా వల్ల కాదు. ఒసేయ్ తూనీగా, నేనే, బాకాని. దస్తూరీ చూడగానే గుర్తుపట్టే ఉంటావు. పదిహేనేళ్ళుగా మాటల్లేని మనిషి ఇప్పుడు ఉత్తరం రాస్తోందేమిటని ఆశ్చర్యపోతున్నావేమో. ఫోన్ చేస్తే మధ్యలో పెట్టేస్తావు. ఉత్తరమైతే చించి పారేసే ముందు చదివి తీరతావు. కాయితం మీద ఏదున్నా చివరిదాకా చదవందే వదలని పిచ్చి నీది.

నా కూతురు ఆసుపత్రి నుంచి నిన్న ఇంటికొచ్చింది. నీ విభాగంలోనే చదువుతోంది, ఎమ్మెస్సీ చివరి ఏడాది. అవును, ఇన్నాళ్ళూ నీ కళ్ళెదురుగానే తిరిగింది. దాని చిన్నప్పటి ముద్దుపేరు తప్ప నీకేదీ గుర్తుండదు, ఎవరి పిల్లో నీకు తెలియదు. చెప్పొద్దని నేనే దాని చేత ఒట్టు వేయించుకున్నాను. నా పేరు చెప్పుకుని మార్కులు తెచ్చుకుందన్న మాట రాకూడదు, నా మీది కోపం నువ్వు దాని మీద తీర్చుకున్నావన్న మాటా రాకూడదు అనుకున్నాను. రెండూ రాలేదు. ఏకంగా పిల్ల కిడ్నీకే వచ్చింది.

పోయిన వారం ల్యాబ్ నుంచి వణుకుతూ వచ్చి పడుకుంది. జ్వరమే కదా అని మాత్ర ఇచ్చాను. మర్నాటికి నడుము పట్టుకుని మెలికలు తిరిగిపోతోంది. కారు తీశాను. డ్రైవింగ్‌లో అందరికీ నిదానం, నిదానం అని పాఠం చెప్పే నేను ఆ రోజు ఏ సిగ్నల్ దగ్గర ఆగానో, ఏది దాటేశానో నాకే తెలియదు. మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షను కిడ్నీ దాకా పాకిందని చెప్పింది డాక్టరమ్మ. ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే ఏమయ్యేదో కూడా చెప్పింది, అది రాయడానికి నా చెయ్యి రావడం లేదు. వయసులో ఉన్న పిల్లవి, నీళ్ళు సరిగా తాగవా అమ్మా అని అడిగింది దాన్ని. నా కూతురు గోడవైపు తిరిగి, తాగితే వెళ్ళాలి కదా డాక్టర్, అంది. ఆవిడకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఎక్కడికి వెళ్ళాలే అన్నాను. అప్పుడు బయటపడింది సంగతంతా.

పొద్దున కాఫీ మానేసిందట. నేను నింపిచ్చిన నీళ్ళ సీసాని సాయంత్రం బస్టాపు దగ్గర మొక్కలకి పోసేసి, ఖాళీ సీసా ఇంటికి తెచ్చేదట, నేను తిడతానని. ఇదొక్కతే కాదు, మూడో అంతస్తు ల్యాబ్‌లో పనిచేసే ఆడపిల్లలందరిదీ ఇదే వరస. పొయ్యి మీద ద్రావణం పెట్టి, దాన్ని వదిలి కిందికి దిగాలి. కింద ఆడవాళ్ళ బాత్రూములు రెండు, ఒకటి ఎప్పుడో పాడైపోయింది, బాగుచేసే నాథుడు లేడు. రెండోదాని ముందు భవనంలోని ఆడపిల్లలంతా వరసలో ఉంటారు. మళ్ళీ మెట్లెక్కి వచ్చేసరికి చేసిందంతా మాడి మసైపోతుంది. లిఫ్టు విద్యార్థులకి లేదు. అదీ నీ నియమమే. అందుకని నీళ్ళే మానేశారు. దీని పక్క బల్ల పిల్ల ఆ మూడు రోజులూ అసలు రావడమే మానేసిందట. హాజరు తగ్గిందని దానికి నోటీసు కూడా వెళ్ళిందట, నీ సంతకంతోనే.

మూడో అంతస్తులో ఉండాలి కదే ఒకటి, నాకు తెలియదా అన్నాను. దానికి తాళం వేశారమ్మా, అంది.

నమ్మలేదు నేను. దాని స్నేహితురాలి చేత నీ నోటీసు ఫొటో తీయించి తెప్పించుకున్నాను. ‘భవనంలోని ఉమ్మడి సౌకర్యాల వినియోగ నియమావళి’. ఎంత ముచ్చటైన పేరు! పైన ఉమ్మడి అని పెట్టి, కిందంతా ఏది ఎవరికి లేదో రాశావు. టీ గదిలో ఎవరి కప్పు వాళ్ళే కడుక్కోవాలి. కడుక్కుంటారు. సెమినార్ హాల్లోంచి వెళ్ళేటప్పుడు ఫ్యాన్లు ఆపాలి. ఆపుతారు. ఫ్రిజ్‌లో పేరు రాయకుండా ఏదీ పెట్టకూడదు. పెట్టరు. ఆరోది చదివేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. ‘మూడో అంతస్తులోని మహిళల మరుగుదొడ్డి ఇకపై బోధనా సిబ్బందికి మాత్రమే. తాళంచెవి విభాగాధిపతి కార్యాలయంలో లభించును. విద్యార్థినులు కింది అంతస్తు సదుపాయమును వినియోగించుకొనవలెను.’ కింద నీ సంతకం. ఆ సంతకానికి నువ్వు పెట్టే పొడుగాటి తోక కూడా మారలేదు.

మీ విభాగంలో బోధించే ఆడవాళ్ళెంతమందే? నువ్వూ, వారానికోసారి వచ్చే ఆ గెస్టు లెక్చరరూ. అంటే అది నీ ఒక్కదాని సొంత బాత్రూం అన్నమాట.

అసలు ఆ గది ఎలా వచ్చిందో మరిచిపోయావా? మనం చదివే రోజుల్లో ఆ భవనం మొత్తం మీద ఆడవాళ్ళకి ఒక్కటి కూడా లేదు. మైదానం దాటి గ్రంథాలయానికి పరిగెత్తేవాళ్ళం. అప్పటి హెడ్డు, ఆ మీసాలాయన, అరడజను మంది కోసం గోడలు పగలగొట్టమంటారా, కాస్త సర్దుకోండమ్మా అనేవాడు. ప్రాక్టికల్ పరీక్ష రోజున నువ్వు వానలో గ్రంథాలయానికి పరిగెత్తావు. తిరిగొచ్చేసరికి తలుపులు మూసేశారు. ఎందుకు ఆలస్యమైందని పరీక్షకుడు అడిగితే, ఆయన ముందు ఆ మాట చెప్పలేక, తడిసిన బట్టలతో నేల చూపులు చూస్తూ నిలబడ్డావు. ఏడాది పోయింది నీకు. నోట్లో నాలుక లేనిదానివి, ఆ మర్నాడు మెట్ల మీద మా అందరినీ కూర్చోబెట్టి ఏమన్నావో నాకు ఇప్పటికీ గుర్తే. నాకు చెప్పుకోవడానికి సిగ్గేసి ఏడాది పోగొట్టుకున్నాను, నా తర్వాత ఇంకెవరికీ పోకూడదు అన్నావు. అర్జీ నువ్వు రాశావు, నేను అరిచాను. నాకు బాకా అని పేరు పడింది అప్పుడే. ఆ మెట్ల మీద నుంచి మనం లేవకపోతే, చివరికి మీసాలాయన పగిలిన గాజు సామాను పడేసే స్టోరు గది ఇచ్చాడు. ఆ గాజు పెంకులు ఎత్తింది నువ్వూ నేనే. నీ అరచేతిలో గుచ్చుకున్న ముక్క తీసింది నేనే.

తర్వాత నీకక్కడే ఉద్యోగం వచ్చింది, నాకు రాలేదు. రాకపోతే పోయింది. నేను డ్రైవింగ్ స్కూల్ పెట్టుకున్న రోజున వచ్చి, చదివిందంతా తీసుకెళ్ళి స్టీరింగ్‌కి చుట్టావు అన్నావు. నేనూ ఊరుకోలేదు, నాకు చేతనైనంత అన్నాను. మాటలు పోయాయి. కానీ తూనీగా, ఈ పదిహేనేళ్ళలో నీ గురించి ఎవరేమన్నా నేను ఒప్పుకోలేదు. దానికి పొగరు ఉంటే ఉండొచ్చు, దాని మనసు మాత్రం వెన్న అనేదాన్ని. ఇప్పుడు ఆ మాటలన్నీ నేనే వెనక్కి తీసుకుంటున్నాను. కుర్చీ ఎక్కగానే కళ్ళు నెత్తికెక్కినవాళ్ళని చాలామందిని చూశాను. నువ్వూ ఆ వరసలో చేరతావని కలలో కూడా అనుకోలేదు.

ఈ వారంలో ఆ తాళం తియ్యి. తియ్యకపోతే వస్తాను. నేను వస్తే ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు.

నీ విద్యార్థిని తల్లి,
ఒకప్పటి నీ బాకా


జూలై 18, గురువారం

మహారాజశ్రీ తూనీగ గారికి,

వందనాలు. మొన్న తమరి దర్శనభాగ్యం కలిగింది. ఆ ఆనందంలోంచి ఇంకా తేరుకోలేదు, అందుకే రెండ్రోజులు ఆలస్యంగా రాస్తున్నాను. ఇంట్లో గిన్నెలన్నీ నా చేతిలో చప్పుడు చేస్తున్నాయి. ఆ చప్పుడు పడలేక మా ఆయన ఆఫీసుకి పొద్దున్నే వెళ్ళిపోతున్నాడు. కారు నేర్చుకోవడానికి వచ్చిన ఒకావిడైతే, మీ కోపం తగ్గాక వస్తానండీ అని మధ్యలోనే దిగిపోయింది.

నేను వచ్చేటప్పటికి నీ ఆఫీసులో ఆ కళ్ళజోడు గుమస్తా ఉన్నాడు. మూడో అంతస్తు బాత్రూం తాళంచెవి ఇవ్వు నాయనా అన్నాను. మీరు బోధనా సిబ్బందా అండీ అన్నాడు. అవును, ఈ ఊళ్ళో సగం మందికి బోధించాను, నీకు రివర్స్ చెయ్యడం వచ్చా, రాకపోతే చెప్పు అన్నాను. వరండాలో ఉన్న పిల్లలు ఫక్కున నవ్వారు. గుమస్తాకీ నవ్వొచ్చింది, కానీ నీ గది వైపు చూసి మింగేశాడు పాపం.

అప్పుడు నువ్వు బయటికొచ్చావు. జుట్టు నెరిసింది నీకు. నిజం చెప్పనా? నిన్ను చూడగానే నా కోపమంతా ఎక్కడికో పోయింది. ఎలా ఉన్నావే అనబోయాను. నోరు తెరిచాను కూడా. ఈలోగా నువ్వన్నావు, నియమం అందరికీ ఒకటేనండీ, ఏదైనా ఉంటే రాతపూర్వకంగా ఇవ్వండి, అని.

అండీ! నాతో! ఒకే దుప్పటి కింద పడుకుని చదువుకున్నాం. నా చెప్పులు నువ్వు వేసుకుని తెగ్గొట్టావు. నీ ముక్కు నేను తుడిచాను. ఊరూ పేరూ తెలియని మనిషితో మాట్లాడినట్టు అండీ అన్నావు.

రాతపూర్వకంగా ఇచ్చాను కదా తల్లీ, అందలేదా అన్నాను. అందింది, పరిశీలిస్తున్నాం అన్నావు. ఏముందే అందులో పరిశీలించడానికి? పిల్లకి కిడ్నీ ఉందా లేదా అనా? పోనీ, ఎందుకు తాళం వేశావో ఒక్క కారణం చెప్పు, నా నోరు మూసుకుని పోతాను అని అడిగాను. అరిచానే అనుకో. అందరూ చూస్తున్నారు. నువ్వు తలుపు పట్టుకుని వరండాలోని పిల్లల వైపు చూశావు. చెబుతావనే అనుకున్నాను. అది పరిపాలనా కారణం అన్నావు. అని లోపలికెళ్ళి తలుపు వేసుకున్నావు. ఆ మాట ఎక్కడ నేర్చుకున్నావే? మీసాలాయన కూడా ఇంతకంటే మనిషిలా మాట్లాడాడు కదే!

తిన్నగా ఇంటికి వెళ్ళిపోతాననుకున్నావేమో. వెళ్ళలేదు. వరండాలో పిల్లలు నా చుట్టూ మూగారు. ఆంటీ, మీరూ ఇక్కడే చదివారా అని అడిగారు. చెప్పాను. ఆ గది ఎలా వచ్చిందో, మెట్ల మీద ఎలా కూర్చున్నామో, అర్జీ ఎవరు రాశారో, అన్నీ చెప్పాను. హెడ్ మేడమేనా అంటూ నోళ్ళు తెరిచారు. 

కాబట్టి ఇది బెదిరింపు కాదు, సమాచారం. సోమవారం నుంచి ఆ పిల్లలు తాళం వేసిన తలుపు ముందు కూర్చుంటారు. పాఠాలు ఎగ్గొట్టొద్దని నేనే చెప్పాను, మధ్యాహ్నం ఖాళీ గంటలో కూర్చోమన్నాను. నా కూతురికి ఒళ్ళు కుదుటపడింది, అదీ ఉంటుంది, అందరికంటే ముందు. ఎలా కూర్చోవాలో, ఎంతకీ లేవకుండా ఎలా ఉండాలో నేర్పాను. నాకు నేర్పింది నువ్వే.

బాకా


ఆగస్టు 2, శుక్రవారం

అమ్మా,

నమస్కారం. ఇకపై నిన్ను ఏ పేరుతోనూ పిలిచే చనువు నాకొద్దు. ఈ ఉత్తరం తర్వాత నీకూ నాకూ మధ్య ఏమీ ఉండదు, తిట్టుకోవడం కూడా ఉండదు. అందుకే ఉన్నదంతా ఇందులో కక్కేస్తున్నాను.

నా కూతుర్ని ఏం చేశావు?

పిల్లలు తలుపు ముందు కూర్చున్నారు. మొదటి రోజు బాగానే జరిగిందని, పై అంతస్తు పిల్లలు కూడా వచ్చి చేరారని మా అమ్మాయి ఎగిరి గంతేసి చెప్పింది. రెండో రోజు ఇంటికొచ్చి, కూర్చోవడం ఆపేశామమ్మా అంది. ఎందుకే అంటే, మేడం ఒప్పుకున్నారు అంది. తాళం తీసేశారా అంటే, తీసినట్టే అంది. తీసినట్టే ఏమిటి? తాళం తీస్తే తీసినట్టు, లేకపోతే లేదు. అంతే, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

సంగతి నాకు పక్క బల్ల పిల్ల వచ్చి చెప్పింది, మొన్న, నా కారు దగ్గరికే వచ్చి. ఆంటీ, మీ అమ్మాయి మమ్మల్ని మోసం చేసింది అంది. కూర్చున్నవాళ్ళని లేపి పంపేసింది నా కూతురేనట. ఇప్పుడు తాళంచెవి దాని జేబులో ఉంటుందట. పొద్దున తలుపు తెరిచేదీ అదే, సాయంత్రం మూసేదీ అదే. మధ్యాహ్నం అయ్యేసరికి ఎవరినీ రానివ్వకుండా తాళం వేసి, తలుపుకి వీపు ఆనించి కాపలా కాస్తుందట. ఎందుకని అడిగితే, మేడం నియమం అంటుందట. ఉపకులపతి గారికి ఇద్దామనుకున్న అర్జీ మీద సంతకం పెట్టనందట. ఇప్పుడు పిల్లలందరూ దాన్ని ‘హెడ్ మేడం చెంచా’ అంటున్నారట. దానితో ఎవరూ మాట్లాడట్లేదట. ఒక్కతే కూర్చుని తింటోందట.

నా కడుపున పుట్టిన పిల్ల, ఒక తాళంచెవికి అమ్ముడుపోయిందా అని ఇంటికొచ్చి దాన్ని నిలబెట్టి అడిగాను. మార్కులు వేస్తానందా? ఫెయిల్ చేస్తానని బెదిరించిందా? అని అడిగాను. అమ్మా, నన్ను ఏమైనా అను, మేడంని అనకు అంది. మేడంని అనకు! నీ మూలాన ఆసుపత్రిలో సూదులు గుచ్చించుకున్న పిల్ల చేత ఆ మాట అనిపించావే, ఎంత గడుసుదానివే నువ్వు! పెళ్ళీడుకొచ్చిన పిల్ల మీద చెయ్యెత్తాను. కొట్టలేదు. ఎత్తిన చెయ్యి దించుకోవడానికి నేను పడ్డ అవస్థ నీకు తెలియదు. నీకెవరున్నారు గనక, తెలియడానికి?

మీసాలాయన మనల్ని అవమానించాడు. కానీ మనలో మనకి తగవు పెట్టలేదు. నువ్వు ఆ పని కూడా చేశావు. స్నేహితుల మధ్య చిచ్చు పెట్టావు, తల్లీకూతుళ్ళ మధ్య పెట్టావు. చదువుకుని నువ్వు నేర్చుకున్నది ఇదేనా? ఆ రోజు వానలో పరిగెత్తిన పిల్ల మీద నాకున్న జాలి అంతా, ఈ రోజుతో సరి.

సోమవారం ఉపకులపతి గారి దగ్గరికి నేనే వెళుతున్నాను. నా కూతురి సంతకం లేకపోతే లేదు, దాని ఆసుపత్రి కాయితాలున్నాయి. నీ కుర్చీ ఉంటుందో ఊడుతుందో నాకు అనవసరం.

ఇక ఇంతే.

నీకు ఏమీ కాని మనిషి

తా.క.

పైన ఉన్నదంతా పొద్దున రాసింది. ఇది సాయంత్రం రాస్తున్నాను.

కవరుకి గమ్ము పూస్తుంటే నా కూతురు వచ్చింది. నీ పేరు చూసి, చేతిలోంచి లాక్కుని, నిలబడే చదివింది. చదివి నేల మీద కూలబడి ఏడ్చింది. చెప్పనని మాటిచ్చానమ్మా, మేడంని అడిగొస్తాను, అప్పటిదాకా ఇది పంపకు అని, వసారాలోకి వెళ్ళి నీకు ఫోన్ చేసింది. తిరిగొచ్చి, నీకు చెప్పెయ్యమన్నారమ్మా అంది. చెప్పింది.

పోయిన చలికాలం నీ పేగులో కణితి వచ్చిందట. కోసి తీసేశారట. పొట్ట పక్కన దారి పెట్టి, దానికి సంచి తగిలించారట. అది ఇక ఎప్పటికీ ఉండేదేనట. దాన్ని రోజూ మధ్యాహ్నం ఖాళీ చేసుకోవాలి, కడుక్కోవాలి. నీళ్ళుండాలి, తొందరపెట్టే మనిషి బయట ఉండకూడదు. ఆపరేషన్ సెలవు అయిపోయి వచ్చిన కొత్తలో, నువ్వు లోపల ఉండగా ఎవరో పిల్లలు తలుపు బాదారట. ఇంతసేపు ఎవరే లోపల, ఈ కంపేమిటే అని నవ్వుకున్నారట. వాళ్ళకి నువ్వని తెలియదు. వాళ్ళు వెళ్ళేదాకా ఊపిరి బిగబట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డావట. గదికి వెళ్ళి నియమావళి రాయడం మొదలుపెట్టావట. ఆ ఒక్క నియమమే రాస్తే ఎందుకని అడుగుతారని, చుట్టూ మిగతావన్నీ అల్లావట. కప్పులూ, ఫ్యాన్లూ, ఫ్రిజ్జూ, లిఫ్టూ, అన్నీ దాన్ని కప్పిపెట్టడానికే.

పిల్లలు కూర్చున్న మొదటి రోజు ఎలాగో ఓర్చుకున్నావట. రెండో రోజు తాళంచెవి పట్టుకుని వచ్చి, వాళ్ళందరినీ చూసి, లేవమని అడగలేక వెనక్కి తిరిగావట. నీతో పోట్లాడదామని నా కూతురు వెనకే వచ్చిందట. మెట్ల మలుపు దగ్గర గోడ పట్టుకుని నిలబడి ఉన్నావట. సంచి ఊడిపోయిందట. బట్టలు పాడైపోయాయట. అది చూసి నా కూతురు నీ చేతిలోని తాళంచెవి తీసుకుని, పైకి పరిగెత్తి, మేడం ఒప్పుకున్నారు లేవండి లేవండి అని అందరినీ పంపేసి, నిన్ను లోపలికి తీసుకెళ్ళిందట. నీళ్ళు పోసిందట. తన ల్యాబ్ కోటు నీకు కట్టిందట. అన్నీ ఆరేదాకా ఇద్దరూ ఆ గదిలోనే కూర్చున్నారట. నువ్వేనా బాకా కూతురివి అని అప్పుడే అడిగావట. నా ఉత్తరం వచ్చిన రోజునే తాళం తీద్దామని తాళంచెవి చేతిలోకి తీసుకుని, మళ్ళీ సొరుగులో పెట్టేశానని దానికి చెప్పావట.

ఇది విన్నాక నేను మెత్తబడ్డాననుకోకు. ఇంతకుముందు కంటే ఎక్కువ మండుతోంది నాకు. పైన రాసిన దాంట్లో ఒక్క అక్షరం కొట్టెయ్యను. అంతా పంపుతున్నాను, చదువు. ఒక్క మాట నోరు తెరిచి చెప్పనందుకు నా చేత ఏమేం రాయించావో చూసుకో. నీ సిగ్గు కోసం ఆ పిల్లలు నీళ్ళు మానేశారు. నీ పరువు కోసం నా కూతురు ఒంటరిగా కూర్చుని తింటోంది. ఒళ్ళు బాగాలేకపోవడం తప్పుటే? దానికి తాళం వేసుకోవడం తప్పు. అది తప్పేనే, ఎన్నిసార్లయినా అంటాను.

ఉపకులపతి దగ్గరికి వెళ్ళను. కానీ సోమవారం వస్తాను, నీ దగ్గరికి. నాతో ప్లంబరు వస్తాడు, నా దగ్గరే కారు నేర్చుకున్నాడు, ఎక్కువ మాట్లాడడు. ఆ గదిలో రెండు అరలున్నాయి కదా. లోపలి దాంట్లో నీకు విడిగా కుళాయి, సింకు పెట్టిస్తాను. దానికి తాళం వేసుకో, ఎవడేమంటాడో నేను చూస్తాను. బయటిది పిల్లలది. దానికి తాళం ఉండకూడదు. కింద పాడైపోయింది కూడా వాడే చూస్తాడు. నియమావళి నువ్వే చింపెయ్యి, నేను చింపితే గోడ కూడా వస్తుంది. పిల్లలకి ఏం చెబుతావో నీ ఇష్టం. మొత్తం చెప్పక్కర్లేదు. నా కూతురు చెంచా కాదని మాత్రం చెప్పాలి. నీ నోటితో, అందరి ముందూ.

ఇంకొకటుంది. ఇది మాత్రం నిన్ను క్షమించను. ఆపరేషన్‌కి తీసుకెళ్ళే ముందు నర్సు వచ్చి, మీ తరఫున బయట ఎవరుంటారమ్మా అని అడిగితే, ఎవరూ లేరు అన్నావట.   ఆ ఆసుపత్రి గేటు ముందున్న ఖాళీ రోడ్డు మీదే కదే నేను రోజూ కారు నేర్పుతాను! ఆ రోజు కూడా అక్కడే ఉండి ఉంటాను, ఎవరికో క్లచ్చు వదలమని అరుస్తూ. కిటికీ తెరిచి ఉంటే నా గొంతు నీకు వినపడే ఉంటుంది. ఒక్క కబురు పంపితే కారు నడిరోడ్డు మీద వదిలేసి వచ్చేదాన్ని. మాటల్లేకపోతే ఏం, తిట్టుకుంటూనే వచ్చేదాన్ని. నువ్వు బయటికి వచ్చేదాకా ఆ బెంచీ మీద తిట్టుకుంటూనే కూర్చునేదాన్ని.

ఎవరూ లేరని ఎలా అన్నావే, నేనుండగా?